గేమ్స్ పీరియడ్‌లో లైను చివర నిలబడ్డ పిల్ల సంగతి

ఒక ప్రైమరీ స్కూల్లో ఆటలు ఎలా నేర్పుతున్నారో తెలియాలంటే టైంటేబుల్ చూస్తే తెలీదండి, ఆఫీస్ రూంలో అద్దాల బీరువాలో పెట్టిన కప్పులు చూసినా తెలీదు. గ్రౌండ్ అంచున నిలబడి ఒక్క పిల్లని ఎంచుకోవాలి, బాగా ఆడే పిల్లని కాదు, లైన్లో ఎక్కడో చివర నిలబడి చెప్పు కొనతో మట్టి గీరుతుంటుందే ఆ పిల్లని. పీరియడ్ మొత్తం వేరే ఎవర్నీ చూడకుండా ఆ పిల్లనే చూడాలి, బంతి ఎన్నిసార్లు చేతికొచ్చింది, ఎంతసేపు పరిగెత్తింది, ఎంతసేపు ఊరికే నిలబడింది, టీచర్ ఆ పిల్లతో ఒక్క మాటైనా మాట్లాడారా. నేను ఇలా చూడటం మొదలుపెట్టాకే ఈ సబ్జెక్ట్ నాకు నిజంగా అర్థమైంది, అంతకుముందు నేను కూడా అందర్లాగే గ్రౌండ్ లేదు, పీఈటీ లేరు, సామాను లేదు అనే అనుకునేవాణ్ణి. అవి లేకపోవడం సమస్యే, కాదనను. కానీ అవన్నీ ఉన్న చోట కూడా ఆ చివరి పిల్ల అలాగే నిలబడి ఉండటం చూశాక అసలు ముడి వేరే చోట ఉందని తెలిసింది.

ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. పీరియడ్ 40 నిమిషాలు అనుకోండి, పిల్లలు 40 మంది. క్లాస్‌లోంచి లైన్ కట్టించి గ్రౌండ్‌కి తీసుకెళ్లేసరికి 5 నిమిషాలు, అక్కడ సరిగ్గా నిలబెట్టి అల్లరి ఆపించడానికి ఇంకో 5, ఏం ఆడాలో చెప్పడానికి 5, చివర్లో మళ్లీ పోగు చేసి వెనక్కి తీసుకురావడానికి 5. మిగిలింది 20 నిమిషాలు. ఇప్పుడు బంతి ఒక్కటే ఉంది, ఒక రింగు ఉంది, ఒక్కొక్కరు వచ్చి బంతి అందులోకి వెయ్యాలి, ఒక్కొక్కరికి 15 సెకన్లు పడుతుంది. అంటే 20 నిమిషాల్లో 80 ఛాన్సులు, పిల్లాడికి రెండేసి. 40 నిమిషాల పీరియడ్‌లో ఒక్కో పిల్లాడు నిజంగా ఏదైనా చేసింది 30 సెకన్లు! మిగతా టైం అంతా వెయిటింగ్. అలా వారానికి రెండు పీరియడ్లు అనుకుంటే వారం మొత్తానికి ఒక నిమిషం. చేతిరాత నేర్పేటప్పుడు వారానికి నిమిషం పాటు పెన్సిల్ చేతికిచ్చి, వీడికి రాయడం రావట్లేదు అని ఎవరైనా అంటారా?

అదే పిల్లల్ని నలుగురేసి పది గుంపులు చేసి పది బంతులు ఇస్తే (పాత గుడ్డలు చుట్టి దారంతో బిగించిన బంతులైనా సరే), నేల మీద పది చోట్ల సుద్దముక్కతో గుండ్రాలు గీస్తే, అదే 20 నిమిషాల్లో ఒక్కో పిల్లాడికి 20 ఛాన్సులు వస్తాయి. రెండు ఎక్కడ, ఇరవై ఎక్కడ. గ్రౌండ్ అదే, టీచర్ ఒక్కరే, పెరిగిన ఖర్చు దాదాపు ఏమీ లేదు. లైన్ చిన్నది చెయ్యడం, అంతే. ప్రైమరీ స్కూల్లో వ్యాయామ విద్యని మెరుగుపరచడానికి ఒక్కటే పని చెయ్యగలం అంటే నేను ఇదే చెయ్యమంటాను. అమెరికాలో ప్రజారోగ్యం చూసే సీడీసీ లాంటి సంస్థలు పీరియడ్‌లో కనీసం సగం టైం అయినా పిల్లలకి ఒళ్లు వేడెక్కేలా, ఊపిరి వేగం పెరిగేలా కదలిక ఉండాలంటాయి. పెద్ద టార్గెట్‌లా అనిపించదు గానీ ఒకసారి సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని చూడండి, సగం అందుకోవడం ఎంత కష్టమో తెలుస్తుంది.

సరే, ఇప్పుడు అసలు చిక్కుముడి దగ్గరికొద్దాం. మనం గేమ్స్ పీరియడ్ అని ఒకే పేరుతో పిలిచే దాంట్లో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి, ఈ విషయం మీద జరిగే చర్చలన్నీ ఎటూ తేలకపోవడానికి సగం కారణం అదే. మొదటిది ఒళ్లు కదలడం, అంటే నడక, పరుగు, గెంతడం, రోజు మొత్తంలో శరీరం ఎంత పని చేసింది అన్నది. రెండోది వ్యాయామ విద్య, ఇది చదువు, లెక్కలు తెలుగు లాగా క్రమంగా నేర్పాల్సిన సబ్జెక్ట్, దీనికి మొదలు ఉంటుంది, మెట్లు ఉంటాయి, వచ్చిందా రాలేదా అని చూసుకోవడం ఉంటుంది. మూడోది క్రీడ, అంటే రూల్స్ ఉన్న ఆట, పోటీ, టీం, గెలుపోటములు. మూడూ కావాలి పిల్లలకి. కానీ ఒకటి చేసి మూడూ అయిపోయాయి అనుకుంటేనే తేడా వస్తుంది. యాన్యువల్ స్పోర్ట్స్ డే ఘనంగా చేసే స్కూల్లో రోజువారీ కదలిక ఏమీ లేకపోవచ్చు. రోజూ పొద్దున్నే డ్రిల్ చేయించే స్కూల్లో ఒక్క పిల్లాడికి కూడా బంతి పట్టుకోవడం నేర్పకపోవచ్చు.

మొదటిదాన్ని చూద్దాం. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి వారం మీద సగటున రోజుకి 60 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చే స్థాయిలో కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది, అందులో వారానికి కనీసం మూడు రోజులు గట్టి కదలిక, ఎముకలకీ కండరాలకీ పని చెప్పేది ఉండాలి అంది. వాస్తవం ఏంటంటే అదే సంస్థ పరిశోధకులు 146 దేశాల నుంచి 16 లక్షల మంది బడి పిల్లల లెక్కలు తీస్తే, 2016 నాటికి 11 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 81 శాతం మంది ఈ గంట కూడా కదలట్లేదని తేలింది, మగపిల్లల్లో 78 శాతం, ఆడపిల్లల్లో 85 శాతం. ఇవి హైస్కూల్ వయసు లెక్కలు కదా, ప్రైమరీతో ఏం పని అనుకోవచ్చు. పదకొండేళ్లకి మానేసిన పిల్ల ఆ రోజే మానెయ్యదండి, ఏడేళ్లప్పుడో ఎనిమిదేళ్లప్పుడో నాకు ఆటలు రావు అని తనకి తానే చెప్పేసుకుని ఉంటుంది, బయటికి కనపడటం మాత్రం తర్వాత కనపడుతుంది.

ఈ గంటని వారానికి రెండు పీరియడ్లతో ఎవరూ నింపలేరు, అందుకని పీఈటీ మీద ఆ భారం వెయ్యడం అన్యాయం. రోజంతటిలో పంచాలి. దీనికి బాగా పేరొచ్చిన ఉదాహరణ స్కాట్లాండ్‌లోది, స్టిర్లింగ్ అనే ఊళ్లో సెయింట్ నినియన్స్ ప్రైమరీ స్కూల్ హెడ్ టీచర్ ఎలైన్ వైలీ 2012లో డైలీ మైల్ అని మొదలుపెట్టారు. రోజూ ఏదో ఒక టైంలో 15 నిమిషాలు క్లాస్ మొత్తం బయటికెళ్లి వాళ్లకి వీలైన వేగంతో పరిగెత్తడమో, జాగింగో, అలిసిపోతే నడవడమో చెయ్యాలి, డ్రెస్ మార్చుకునే పని లేదు, సామాను అక్కర్లేదు, పోటీ లేదు, ఎవరు ముందొచ్చారన్న మాటే లేదు. తర్వాత అది చాలా దేశాలకి పాకింది. అంత తేలికగా పాకడానికి కారణం నా ఉద్దేశంలో టీచర్‌కి అదనపు పని లేకపోవడమే. కానీ ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి, ఇది మొదటి అవసరం తీరుస్తుంది గానీ రెండోదాని జోలికి పోదు. పిల్లలు రోజూ 15 నిమిషాలు పరిగెడుతున్నారు కదా ఇంక పీఈ పీరియడ్ ఎందుకు అంటే, పిల్లలు రోజంతా మాట్లాడుతూనే ఉంటారు కదా ఇంక తెలుగు పీరియడ్ ఎందుకు అన్నట్టే.

రెండోది, వ్యాయామ విద్య, ఇక్కడే కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే దీన్ని చదువుగా చూసేవాళ్లు చాలా తక్కువ. ఆటలు పిల్లలకి పుట్టుకతోనే వస్తాయి, వదిలేస్తే వాళ్లే ఆడుకుంటారు అనుకుంటాం. పరుగు, ఏదో ఒక రకంగా గెంతడం వరకూ నిజమే. కానీ బంతి విసరడం తీసుకోండి. నాలుగైదేళ్ల పిల్లాడికి బంతి ఇచ్చి విసరమంటే ఎదురుగా నిలబడి, కాళ్లు కదపకుండా, మోచెయ్యి మాత్రం ఆడించి వదిలేస్తాడు. కొంచెం ముందుకెళ్లాక ఒక అడుగు వేస్తాడు గానీ ఏ చేత్తో విసురుతున్నాడో అదే వైపు కాలు ముందుకేస్తాడు. ఆ తర్వాత మెట్టులో పక్కకి తిరిగి నిలబడతాడు, ఎదురు కాలు ముందుకు పడుతుంది, నడుము తిరుగుతుంది, ఆ తర్వాతే భుజం, అన్నిటికంటే చివర చెయ్యి కొరడాలా వస్తుంది. ఈ చివరి మెట్టు వయసుతో పాటు దానంతటదే రాదు. మీ ఆఫీసులోనో మీ వీధిలోనో పెద్దవాళ్ల చేత బంతి విసిరించి చూడండి, చాలామంది రెండో మెట్టు దగ్గరే ఆగిపోయి కనపడతారు. వాళ్లకి శక్తి లేక కాదు, ఎవరూ చెప్పలేదు. అలా విసరడం సరిగ్గా రాని పిల్ల పన్నెండేళ్లకి క్రికెట్ టీంలోనో హ్యాండ్‌బాల్ టీంలోనో చేరుతుందా? చేరదు, తనకి ఇంట్రెస్ట్ లేదు అంటుంది, మనమూ ఇంట్రెస్ట్ లేదులే అని రాసేస్తాం.

ఇలాంటివి మూడు కుటుంబాలుగా చెబుతారు ఈ రంగంలో ఉన్నవాళ్లు. ఒకచోట నుంచి ఇంకో చోటికి వెళ్లేవి, అంటే పరుగు, దూకడం, ఒంటికాలి గెంతు, పక్కకి జరగడం లాంటివి. వస్తువుతో చేసేవి, విసరడం, పట్టడం, తన్నడం, బ్యాట్‌తో కొట్టడం, బంతిని నేలకి కొడుతూ నడవడం. మూడోది ఒంటిని నిలుపుకునేవి, ఒంటికాలి మీద నిలబడటం, దొర్లడం, దూకి పడిపోకుండా ఆగడం. ప్రైమరీ ఐదేళ్లూ ఇవే సిలబస్ అయినా తప్పులేదని నా అభిప్రాయం. అక్షరాలు రాకుండా వ్యాసం రాయించం కదా, మరి పట్టుకోవడం రాని పిల్లల్ని రెండు టీములు చేసి పెద్ద గ్రౌండ్‌లో పెద్దవాళ్ల రూల్స్‌తో పెద్ద ఆట ఎందుకు ఆడిస్తాం? అలా ఆడితే ఏమవుతుందో అందరికీ తెలిసిందే, నలుగురైదుగురు వచ్చినవాళ్లు ఆడతారు, మిగతావాళ్లు బంతికి దూరంగా ఎటు వెళ్లాలో నేర్చుకుంటారు.

నేర్పడంలో ఎంత సూక్ష్మం ఉందో ఒకటి చెప్తాను. విసరడం నేర్పేటప్పుడు చిన్న గురి పెట్టి సరిగ్గా దానికే తగలాలి అన్నామనుకోండి, పిల్లలు గురి తప్పుతామన్న భయంతో ఒళ్లు బిగించేసి ముందుకు వంగి మెల్లగా విసురుతారు, మొదటి మెట్టుకి వెనక్కి వెళ్లిపోతారు. అదే గోడ చూపించి, బంతి తగిలితే పెద్ద చప్పుడు రావాలి చూద్దాం అంటే, ఎవరూ చెప్పకుండానే అడుగు పెద్దది అవుతుంది, నడుము తిరుగుతుంది. గురి తర్వాత నేర్పొచ్చు. అలాగే పట్టుకోవడం, చిన్న పిల్లలు బంతి వస్తుంటే మొహం పక్కకి తిప్పేసి రెండు చేతులూ గుండెకి అదుముకుంటారు, భయం అది. గట్టి బంతితో ఇంకో వందసార్లు విసిరితే ఆ భయం ముదురుతుంది. బెలూన్ ఇవ్వండి, మెల్లగా దిగుతుంది, దాన్ని కళ్లతో వెంటాడే టైం ఉంటుంది, తర్వాత మెత్తటి పెద్ద బంతి, తర్వాత చిన్నది. ఇది తెలిసిన టీచర్‌కీ తెలియని టీచర్‌కీ మధ్య తేడా, అక్షరాలు దిద్దించడం తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ ఉన్నంత తేడా.

మరి ఆ టీచర్ ఎవరు? చాలా దేశాల్లో ప్రైమరీలో ఆటలు చూసుకునేది క్లాస్ టీచరే, అన్ని సబ్జెక్టులూ చెప్పే ఆవిడే ఇది కూడా చెప్పాలి. ఆవిడకి ట్రైనింగ్‌లో దీని గురించి చెప్పింది చాలా కొంచెం. పైగా బయటికి తీసుకెళ్తే ఎవరైనా పడి దెబ్బ తగిలించుకుంటే తల్లిదండ్రులు మీదకొస్తారన్న భయం, నాలుగ్గోడల మధ్య కంట్రోల్‌లో ఉండే క్లాస్ గ్రౌండ్‌లో చెయ్యి దాటిపోతుందన్న భయం, తన చిన్నప్పుడు తను కూడా లైను చివర నిలబడిన జ్ఞాపకం. ఇవన్నీ నిజమైన కారణాలే, బద్ధకం అని కొట్టిపారెయ్యకూడదు. అందుకే మాట వచ్చిన ప్రతిసారీ బయట నుంచి కోచ్‌ని పెట్టేద్దాం అంటారు.

ఇక్కడ ఇంగ్లండ్ అనుభవం చూడటం చాలా పనికొస్తుంది. 2012 లండన్ ఒలింపిక్స్ తర్వాత, 2013 నుంచి అక్కడి ప్రభుత్వం ప్రైమరీ స్కూళ్లకి ఆటల కోసమని ప్రత్యేకంగా ఏడాదికి 15 కోట్ల పౌండ్ల దాకా ఇవ్వడం మొదలుపెట్టింది, 2017లో కూల్‌డ్రింక్ కంపెనీల మీద వేసిన చక్కెర పన్ను డబ్బు కలిపి దాన్ని 32 కోట్ల పౌండ్లు చేసింది. 17 మంది లేదా అంతకంటే ఎక్కువ పిల్లలున్న స్కూల్‌కి 16,000 పౌండ్లు, దాని మీద పిల్లాడికి 10 పౌండ్లు చొప్పున. నేరుగా స్కూల్ చేతికే. ఇందులో నాకు బాగా నచ్చింది డబ్బు కంటే దానికి పెట్టిన షరతులు. ఆ డబ్బుతో చేసేది అదనంగా ఉండాలి, డబ్బు ఆగిపోయినా మిగిలేదిగా ఉండాలి. ఎలా ఖర్చుపెట్టారో, దానివల్ల ఏం మారిందో స్కూల్ తన వెబ్‌సైట్లో పెట్టాలి. పెద్ద కట్టడాలకి వాడకూడదు, ఎలాగూ చెప్పాల్సిన మామూలు పాఠాలకి వాడకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది, క్లాస్ టీచర్ లెసన్ ప్లాన్లు రాసుకోవడానికీ పుస్తకాలు దిద్దుకోవడానికీ కేటాయించిన టైంలో పిల్లల్ని చూసుకోవడానికి కోచ్‌ని పెట్టుకుని ఆ జీతం ఈ డబ్బులోంచి ఇవ్వకూడదు.

ఆ చివరి షరతు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో ఆలోచించండి. కోచ్ వచ్చాడు, పిల్లలకి బాగానే ఆడించాడు, ఆ టైంలో క్లాస్ టీచర్ స్టాఫ్ రూంలో పుస్తకాలు దిద్దుకుంటున్నారు. ఏడాది తర్వాత డబ్బు ఆగింది, కోచ్ వెళ్లిపోయాడు, అతనితో పాటే నేర్పే నేర్పు కూడా వెళ్లిపోయింది, ఆ టీచర్‌కి ఏడాది ముందు ఎంత తెలుసో ఇప్పుడూ అంతే తెలుసు. పైగా ఇప్పుడు ఏడాది గ్యాప్ కూడా వచ్చింది కాబట్టి ఇంకా భయం. అదే కోచ్‌ని, అదే జీతానికి, వేరే రకంగా వాడుకోవచ్చు. మొదటి నాలుగు వారాలు కోచ్ నేర్పుతుంటే టీచర్ పక్కనే ఉండి చూస్తారు, తర్వాత నాలుగు వారాలు చెరి సగం క్లాస్ చూసుకుంటారు, ఆ తర్వాత టీచర్ నేర్పుతుంటే కోచ్ పక్కన నిలబడి, ఇదిగో ఆ అమ్మాయి ఏ కాలు ముందుకేస్తోందో చూడండి అని చెప్తాడు. పన్నెండు వారాల తర్వాత కోచ్ వెళ్లిపోయినా పర్లేదు. బయటివాళ్లని తెచ్చుకోవాలా వద్దా అన్న వాదన కంటే, వాళ్లు ఉన్నంతసేపూ క్లాస్ టీచర్ ఎక్కడున్నారు అన్న ప్రశ్నే అసలు ప్రశ్న.

అంత డబ్బు పెట్టినా ఇంగ్లండ్‌లో అన్నీ బాగైపోయాయా అంటే లేదు, 2022-23 సర్వేలో కూడా 5 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో రోజుకి గంట కదిలేవాళ్లు 47 శాతమే. అంటే డబ్బు దండగ అని నేను అనట్లేదు, ఆ డబ్బు లేకపోతే ఇంకెలా ఉండేదో. స్కూల్ చేతిలో ఉన్నది రోజులో కొన్ని గంటలే, మిగతాదంతా ఇల్లు, వీధి, ఫోను, రోడ్డు మీద బళ్లు. కాబట్టి స్కూల్ ఫలానా నేర్పింది అని చెప్పగలిగేలా ఆ కొన్ని గంటలు వాడుకోవాలి అన్నదే నా పాయింట్.

ఇంక టైం దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఎన్ని మంచి మాటలు చెప్పినా పరీక్షల ముందు మొదట ఎగిరిపోయేది ఈ పీరియడే, లెక్కల సిలబస్ అవ్వలేదు ఈరోజుకి గేమ్స్ పీరియడ్ ఇవ్వండి అంటారు, ఇచ్చేస్తారు. ఆటలకి టైం ఇస్తే చదువు తగ్గుతుందన్న భయం దీని వెనక ఉంది. దీన్ని నిజంగా పరీక్షించి చూసినవాళ్లున్నారు. కెనడాలో క్విబెక్ రాష్ట్రం ట్రువా రివియేర్ ప్రాంతంలో 1970లలో 546 మంది ప్రైమరీ పిల్లలతో ఏళ్ల తరబడి ఒక ప్రయోగం చేశారు. సగం మందికి రోజూ అదనంగా గంట వ్యాయామ విద్య, స్పెషలిస్ట్ టీచర్ చేత, ఆ గంట ఎక్కడి నుంచి తీశారంటే మిగతా సబ్జెక్టుల టైంలోంచే, దాదాపు 13, 14 శాతం కోత పెట్టి. మొదటి ఏడాది తప్పితే ఆ తర్వాత వాళ్ల మార్కులు మిగతావాళ్ల కంటే తగ్గలేదు సరికదా కొంచెం మెరుగ్గానే వచ్చాయి. ఆటలాడితే మార్కులు పెరుగుతాయి అని గ్యారంటీ ఇచ్చేయకూడదు, అలా అమ్మితే మార్కులు పెరగని రోజున మళ్లీ పీరియడ్ తీసేస్తారు. కానీ ఆటలకి టైం ఇస్తే చదువు పాడవుతుంది అనేవాళ్లు మాత్రం ఈ పిల్లల సంగతి ఒకసారి తెలుసుకోవాలి.

కళ్ల సంగతి కూడా ఉంది. చైనాలో గ్వాంగ్‌జౌలో 12 ప్రైమరీ స్కూళ్లు తీసుకుని, అందులో సగం స్కూళ్లలో ఒకటో తరగతి పిల్లలకి బడి ఉన్న ప్రతిరోజూ ఆరుబయట 40 నిమిషాల క్లాస్ అదనంగా పెట్టారు. మూడేళ్ల తర్వాత చూస్తే కొత్తగా షార్ట్ సైట్ వచ్చినవాళ్లు ఆ స్కూళ్లలో 30.4 శాతం, మిగతా స్కూళ్లలో 39.5 శాతం. 2015లో వచ్చాయి ఈ ఫలితాలు. పగటి వెలుతురులో గడపడమే ఇక్కడ పనిచేసిందని అనుకుంటున్నారు, అంటే పిల్లల్ని ఊరికే బయటికి పంపినా ఒక లాభం ఉంది.

మూడోది క్రీడలు, పోటీలు. పోటీ వద్దు అనేవాళ్లతో నేను ఏకీభవించను, పిల్లలకి గెలవాలని ఉంటుంది, అది మంచిదే. కాకపోతే ప్రైమరీ వయసులో పోటీ చాలాసార్లు ప్రతిభని కాకుండా పుట్టినరోజుని కొలుస్తుంది. ఒకే క్లాస్‌లో ఇద్దరు ఆరేళ్ల పిల్లల మధ్య పదకొండు నెలల తేడా ఉండొచ్చు, ఆ వయసులో పదకొండు నెలలంటే జీవితంలో ఆరో వంతు దాకా వస్తుంది. పెద్దవాడు ఎత్తు, బరువు, పరుగు అన్నిట్లో ముందుంటాడు, వాణ్ణి టీంకి సెలెక్ట్ చేస్తారు, టీంలో ఉన్నాడు కాబట్టి ఎక్కువ ప్రాక్టీస్ దొరుకుతుంది, ఎక్కువ ప్రాక్టీస్ దొరికింది కాబట్టి నిజంగానే మెరుగవుతాడు. కెనడా ఐస్ హాకీ ఆటగాళ్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లు ఎక్కువమంది ఉన్నారని 1985లోనే పరిశోధకులు చూపించారు, ఎందుకంటే అక్కడ వయసు గ్రూపుల లెక్క జనవరి 1తో మొదలవుతుంది. మూడో తరగతిలోనే స్కూల్ టీం అని పదకొండు మందిని ఏరేసే పద్ధతి ఉంటే, చివరి నెలల్లో పుట్టిన పిల్లల్ని మనమే ఇంటికి పంపేస్తున్నామన్నమాట. స్కూల్ తరఫున ఒక్క టీం కాకుండా నాలుగు టీములు పంపడం, ప్రైమరీలో సెలెక్షన్ అన్న మాటే వాయిదా వెయ్యడం కుదురుతుంది, చాలా తేలిగ్గా కుదురుతుంది.

అలాగే రెండు అలవాట్లు వెంటనే మానెయ్యాలి, వీటి మీద నాకు ఏ అనుమానమూ లేదు. ఇద్దరు కెప్టెన్లని పెట్టి ఒక్కొక్కర్నీ కోరుకోమనడం, చివరికి మిగిలిన పిల్ల మొహం ఒక్కసారి చూసినా ఎవరూ మళ్లీ ఆ పని చెయ్యరు. రెండోది అవుటైతే కూర్చోబెట్టే ఆటలు, వాటిలో మొదట అవుటయ్యేది ఎవరికి ఎక్కువ ప్రాక్టీస్ కావాలో వాళ్లే, మరి వాళ్లే పది నిమిషాలు కూర్చుని మిగతావాళ్లని చూస్తారు. అవుటైతే గోడ ముట్టుకుని వచ్చి మళ్లీ చేరొచ్చు అని చిన్న రూల్ మారిస్తే సరిపోతుంది. అల్లరి చేశారని గ్రౌండ్ చుట్టూ నాలుగు రౌండ్లు పరిగెత్తించడం కూడా అంతే, పరుగుని శిక్షగా వాడితే పెద్దయ్యాక పరుగంటే ఇష్టం ఎక్కడి నుంచి వస్తుంది?

నడవలేని పిల్లాడు, చూపు సరిగ్గా లేని పిల్ల, ఒంట్లో బాగోని పిల్లలు, వీళ్లకి స్కోరు రాసే పని ఇచ్చి పక్కన కూర్చోబెట్టడం మామూలైపోయింది. ఇన్‌క్లూజన్ మీద, అంటే ఇలాంటి పిల్లల్ని కూడా ఆటలో కలుపుకోవడం మీద పనిచేసేవాళ్లు నాలుగు సంగతులు మార్చి చూడమంటారు, ఆడే చోటు, చేసే పని, వాడే వస్తువు, కలిసి ఆడే మనుషులు. వీల్‌చైర్ ఉన్న పిల్లాడికి గ్రౌండ్‌లో గట్టి నేల ఉన్న వైపు ఆట పెట్టడం చోటు మార్చడం, గవ్వలో గింజలో లోపల వేసి చప్పుడయ్యేలా చేసిన బంతి ఇవ్వడం వస్తువు మార్చడం, ముగ్గురికి ఇద్దరు చొప్పున ఆడించడం మనుషుల్ని మార్చడం. ఇది అలవాటైన టీచర్ మామూలు పిల్లలకి కూడా ఇవే మార్చి చూస్తారు, అందుకే ఇది అదనపు పనిలా కాకుండా మొత్తం క్లాస్‌కే పనికొచ్చే పద్ధతిలా చూడాలి. ఆడపిల్లల విషయంలో మాత్రం ఇంకొకటి ఉంది, పరిగెత్తడానికి వీలుగా ఉండే డ్రెస్, దగ్గర్లో తలుపు సరిగ్గా పడే టాయిలెట్, ఇంటర్వెల్‌లో గ్రౌండ్ మధ్య భాగం మొత్తం పెద్ద మగపిల్లల చేతిలోకి వెళ్లిపోకుండా చూసే టీచర్, ఈ మూడూ లేకుండా ఎంత మోటివేషన్ స్పీచ్ ఇచ్చినా పనికిరాదు.

ఇంకా మిగిలింది కొలవడం. స్లొవేనియా అనే చిన్న దేశం 1987 నుంచి దేశవ్యాప్తంగా ప్రతి ఏడాదీ ఏప్రిల్ నెలలో బడి పిల్లల ఒంటి దారుఢ్యం కొలుస్తోంది, మూడు శరీర కొలతలు, ఎనిమిది పరీక్షలు, 60 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు, నిలబడి ముందుకు దూకడం, కడ్డీ పట్టుకుని వేలాడటం లాంటివి. ఇప్పుడు దాన్ని స్లోఫిట్ అంటున్నారు. అందులో నాకు నచ్చేది, పిల్లాణ్ణి పక్కవాడితో పోల్చి ర్యాంకులివ్వడానికి కాకుండా పోయినేడాది వాడితోనే వాణ్ణి పోల్చుకోవడానికి వాడే వీలుండటం, దేశం మొత్తంగా ఏ ఏడాది పిల్లలు బలహీనపడ్డారో వెంటనే తెలిసిపోవడం. అందరి ముందు తూకం వేసి బరువు పైకి చదవడం లాంటిది చేస్తే మాత్రం అసలు కొలవకపోవడమే మేలు.

అంత పెద్ద ఏర్పాటు లేని స్కూల్ ఏం చెయ్యాలి? ప్రోగ్రెస్ కార్డులో గేమ్స్ ఎదురుగా ఉత్తి బి గ్రేడ్ అని రాసే చోట ఒక వాక్యం రాయొచ్చు. ఎదురు కాలు ముందుకేసి విసరడం వచ్చింది, రెండు చేతులతో చిన్న బంతి పట్టడం వస్తోంది, ఎడమ కాలి మీద ఇంకా ఐదు గెంతులు గెంతలేకపోతోంది, ఇంట్లో చేయించండి. ఇంత రాయాలంటే టీచర్ ఆ పిల్లని చూడక తప్పదు, చూడాలంటే లైను చిన్నది చెయ్యక తప్పదు. తల్లిదండ్రులకి కూడా అడగడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. పేరెంట్స్ మీటింగ్‌లో లెక్కల్లో ఎన్నొచ్చాయి అని అడిగాక, మా అమ్మాయి ఎడమ కాలి మీద గెంతుతోందా మేడం అని ఒక నాన్న అడిగాడంటే, ఆ మేడం నోట్‌బుక్ తీసి, ఏడు గెంతులు గెంతిందండీ మొన్న, చివరి రెండింటికీ పడబోయి ఆగింది అని చెప్పగలిగిందంటే, ఆ స్కూల్లో గేమ్స్ పీరియడ్ నడుస్తోందనే లెక్క.